మా అత్తగారి దొడ్లో పాలపిట్టలు

పోయిన నెలలో మా కోడలు ఫోనులో ఏదో నొక్కి ఒక చెక్క పెట్టె తెప్పించింది. బుల్లి ఇల్లులా ఉంది. ముందు గుండ్రటి కంత, కంత కింద వాలడానికి ఒక పుల్ల, పైన ఏటవాలు కప్పు, కప్పుకి ఎర్ర రంగు. గుంటూరులో మేముండేది మూడో అంతస్తు. ఆ పెట్టెను బాల్కనీ గ్రిల్లుకి తీగతో కట్టి, ఇక పిట్టలు రావడమే తరువాయి అన్నట్టు ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఇల్లలకగానే పండగవుతుందా? మూడు వారాల్లో వచ్చింది ఒక్క గోరింకల జంట, అవీ అద్దె ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళలా లోపలికి తొంగిచూసి, కప్పు మీద అటూ ఇటూ నడిచి, వెళ్ళిపోయాయి. పిల్ల పాపం రోజూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా బాల్కనీలోకి వెళ్ళి చూస్తుంది. మొన్న నన్నడిగింది, మీ ఊళ్ళో పిట్టలు ఇళ్ళ దగ్గర గూళ్ళు పెట్టేవా అత్తయ్యా అని. పెట్టేవి, మా అత్తగారి దొడ్లో పాలపిట్టలు పెట్టేవి అన్నాను. ఆ సంగతంతా చెప్పమని ఎంత బతిమాలినా, పొయ్యి మీద పాలున్నాయని లేచి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద పాలేమీ లేవు.

ఆ సంగతిలో నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. మావారికి కూడా చెప్పలేదు, ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది. నా ఈడువాళ్ళు, కొత్త కోడలిగా ఒక పల్లెటూరి గడపలో కుడికాలు పెట్టినవాళ్ళు, మీరైతే నన్ను అర్థం చేసుకుంటారని మీకు చెబుతున్నాను.

నా పెళ్ళి మాఘమాసంలో జరిగింది. పుట్టిల్లు పెదకాకాని దగ్గర, అత్తిల్లు పర్చూరు దగ్గర ఒక పల్లె. మావాళ్ళు పత్తి వేసేవాళ్ళు, వీళ్ళు మిరప, పొగాకు. రెండూ నల్లరేగడి ఊళ్ళే, రెండుచోట్లా వానొస్తే కాలు తీసి కాలు వేయలేం, కాబట్టి పెద్ద తేడా ఏమీ ఉండదులే అనుకుంటూ వెళ్ళాను. తేడా అంతా మా అత్తగారే. పొట్టి మనిషి, కానీ దొడ్లో నిలబడి పిలిస్తే చెరువు కట్ట మీద గేదెలు తలెత్తి చూసేవని మా మామగారు అనేవారు. కూర మాడినా అదే గొంతు, కూర బాగున్నా అదే గొంతు. మెచ్చుకుంటోందో తిడుతోందో తెలియక నేను మొదటి పదిహేను రోజులూ ఆమె నోరు తెరిస్తే చాలు నిలబడిపోయేదాన్ని. ఆమెకు ఆడపిల్లలు లేరు, ఒక్కడే కొడుకు. ఆడపిల్లతో ఎలా మాట్లాడాలో ఆమెకీ తెలియదని నాకు చాలా కాలానికి గానీ తట్టలేదు.

ఇంటి వెనక దొడ్డి విశాలంగా ఉండేది. గేదెల పాక, నిమ్మచెట్టు, మూలగా పేడ దిబ్బ, వంటింటి గుమ్మానికి ఎదురుగా దొండ పందిరి. ఆ పందిరికి ఒక మూల గుంజగా నిలువెత్తు తాటి మొద్దు పాతి ఉండేది. పాక దూలాలకని ఒకప్పుడు చెట్టు కొట్టిస్తే మిగిలిన ముక్కను మామగారు అక్కడ పాతించారట. తాటిమాను సంగతి మీకు తెలిసిందే, పైన ఇనుములా ఉంటుంది, లోపల పీచు. ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగి లోపల పీచంతా కుళ్ళి, మూరెడు లోతున గొట్టంలా తయారైంది. అందులో ఒక ఏడు చైత్రంలో పాలపిట్టల జంట చేరింది. అప్పటినుంచి ప్రతి ఏడూ వస్తున్నాయి. ఎండ నేరుగా పడుతోందని మా అత్తగారు పగిలిన కుండ పెంకు ఒకటి పైన వాలుగా బోర్లించి, తీగతో బిగించి కట్టింది. ఇప్పటివాళ్ళు పెట్టెలు కొని తెచ్చి చేసే పని ఆమె కుండ పెంకుతో చేసింది.

పాలపిట్టను చూడని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. వాలి ఉంటే అది చూడదగ్గ పిట్ట కాదు, మట్టి రంగు రొమ్ము, పెద్ద తల, మొద్దు ముక్కు. ఎగిరిందా, అప్పుడు చూడాలి. మడతపెట్టిన పట్టుచీర విప్పినట్టు రెక్కల్లో అంత నీలం ఎక్కడ దాచుకుందో తెలియదు. జతకట్టే రోజుల్లో మగది ఆకాశంలోకి నిలువునా ఎగిరి, అక్కణ్ణుంచి గిరికీలు కొడుతూ అరుచుకుంటూ కిందికి దూకుతుంది. ఆ అరుపు వింటే మాత్రం కాకి నయమనిపిస్తుంది. మా అత్తగారు నాతో మొట్టమొదటిసారి నవ్వుతూ అన్న మాట ఈ పిట్ట గురించే, "రంగు దానిది, గొంతు నాది" అని. నవ్వొచ్చో కూడదో తెలియక నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఆ ఏడాదంతా తలపెట్టిన పని గెలుస్తుందంటారు కదా. మా ఊళ్ళో మగవాళ్ళంతా ఆ రోజు చేల గట్ల మీద పడి వెతుక్కునేవాళ్ళు. అలాంటి పిట్ట మా దొడ్లోనే పిల్లల్ని పెడుతుంటే ఊరుకుంటారా? పొగాకు అమ్మకానికి వెళ్ళేవాళ్ళు, మిరపకాయలు గుంటూరు యార్డుకి తోలుకెళ్ళేవాళ్ళు, కోర్టు వాయిదాకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళు కూడా, పొద్దున్నే మా దొడ్డి తలుపు తోసుకొచ్చి పిట్టను చూసి వెళ్ళేవాళ్ళు. మా మామగారికి అదొక పరువు. ఊరందరూ దసరాకి ఒక్కసారి చూస్తారు, మనకి చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా దసరాయే అనేవారు. నా దొడ్డిని సత్రం చేశారని మా అత్తగారు పైకి విసుక్కునేది గానీ, రెండు రోజులు ఎవరూ రాకపోతే తానే వీధి గుమ్మంలో నిలబడి పిలిచేది.

ఇంతలో నా పాదం సంగతి ఒకటి మొదలైంది. కొత్త కోడలు ఇంట్లో కాలుపెట్టాక మంచి జరిగితే కోడలి పాదం మంచిదంటారు, చెడు జరిగితే అదీ పాదానికే చుడతారు. ఆ ఏడు మిరపకి ముడత వచ్చింది. ఆకులన్నీ ముడుచుకుపోయి, దిగిన నాలుగు కాయలూ సగం తాలు. ముడత వచ్చింది కార్తీకంలో, నేను వచ్చింది మాఘంలో. అయినా సరే అది నా పాదమే. ఈ లెక్క కట్టింది మా మామగారి అక్కగారు. పక్క వీధిలో ఉండేది, రోజూ పొద్దున మజ్జిగకి వచ్చేది. ముడత ముందే వచ్చింది గదా అని ఎవరో అంటే, సంబంధం కుదిరింది కార్తీకంలోనే గదా అందట. దానికి తోడు నేనొచ్చిన నెలకి చూడి గేదె నెలలు నిండకుండానే ఈచుకుపోయింది. పుండు మీద కారం చల్లినట్టయింది. వీధిలో నీళ్ళకి వెళితే ఆడవాళ్ళు నా మొహం మానేసి కాళ్ళ వంక చూసేవాళ్ళు. మీకు నవ్వులాటగా ఉండొచ్చు, పంతొమ్మిదేళ్ళ పిల్లకి అది నవ్వులాట కాదు. ఇంకొక్క కీడు జరిగితే ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళినదాన్ని మళ్ళీ తీసుకొస్తారో తీసుకురారో అని నిజంగా భయపడ్డాను.

ఆ భయంలో నాకు కాస్త ఊరటగా ఉన్నవి ఆ పిట్టలే. మధ్యాహ్నాలు వంటింటి వెనక గుమ్మంలో అత్తాకోడళ్ళం కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ వాటిని చూసేవాళ్ళం. ముందు నాతో పని మాటలే మాట్లాడే మనిషి, పిట్టల దగ్గరికొచ్చేసరికి ధారాళంగా మాట్లాడేది. అదిగో మగది, దాని తల కాస్త పెద్దది. అదిగో ఆడది, కాకి దగ్గరికొస్తే మొగుడి కంటే ముందు ఇదే దూకుతుంది. ఒకరోజు రెండూ బయటికెళ్ళినప్పుడు నన్ను ఎత్తుపీట ఎక్కించి, కింద తాను పీట పట్టుకుని, గూట్లోకి చూడమంది. నాలుగు గుడ్లు, సున్నం పూసినట్టు తెల్లగా, గుండ్రంగా. ఎన్ని, ఎన్ని అని కిందనుంచి ఆమె అడుగుతూంటే, నాలుగత్తయ్యా అన్నాను. ఆ ఇంట్లో నేను భయపడకుండా గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను.

పద్దెనిమిది రోజులకో ఎన్నిటికో పిల్లలు బయటపడ్డాయి. అబ్బ, ఏం అందవికారం! ఒంటి మీద నూలుపోగు లేదు, పొట్ట మాత్రం ఉసిరికాయంత. అక్కణ్ణుంచి తల్లీతండ్రీ ఒకటే తిరుగుడు. మిడతలు, పురుగులు, కీచురాళ్ళు, ఒకసారి ఒక కప్పపిల్ల. మిడతను తెచ్చి ముందు పందిరి వాసానికి నాలుగు బాదులు బాది, అప్పుడు లోపలికి తీసుకెళ్ళేవి. మా అత్తగారు గుమ్మంలో కూర్చుని, ఇది ఇందాకటి పిల్లకే మళ్ళీ పెట్టింది, ఆ చిన్నదానికి పెట్టదే అని తగువు పడేది. పిల్లలు పెరిగేకొద్దీ మొద్దు దగ్గర కంపు బయల్దేరింది. పాలపిట్ట గూడంత కంపు గూడు ఇంకోటి ఉండదు, రూపం చూసి మోసపోకూడదు. మావారు ముక్కు మూసుకుని నూతి దగ్గరికి వెళ్ళేవారు. పిల్లలున్న ఇల్లు అలాగే ఉంటుంది, నువ్వు పసివాడిగా ఉన్నప్పుడూ అలాగే ఉంది అని వాళ్ళమ్మ ఆయన నోరు మూయించింది.

పిల్లలకి ముళ్ళలాంటి ఈకలు పొడుస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం, ఆ మొద్దు మీదికి ఎర్రచీమలు బారు కట్టి పోవడం చూశాను. అత్తగారు కల్లం దగ్గర తాలు ఏరేవాళ్ళతో ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే. చీమలు గూట్లోకి దిగుతున్నాయి, లోపల పిల్లలు కదులుతున్నాయి. నాకు తోచిందల్లా పొడి మందు. గేదెల పాకలో గోడ గూట్లో ఆ డబ్బా ఉండేది.

ఇక్కడ మీరు నన్ను తిట్టేముందు ఒక సంగతి గుర్తు తెచ్చుకోండి. పత్తి ఊళ్ళలో పుట్టినవాళ్ళకి పొడి మందంటే భయం ఉండేది కాదు. చీమలకదే, చెదలకదే, గాదె చుట్టూ అదే, మంచం నల్లులకదే. చిన్నప్పుడు మా అమ్మ పేలకని అదే మందు నా తలకి పట్టించి, గుడ్డ చుట్టి, సాయంత్రం దాకా ఉంచి కుంకుడుకాయతో తలంటింది. ఒక్క పేను మిగల్లేదు, నాకూ ఏమీ కాలేదు. మా వీధిలో ఆడపిల్లలందరికీ అలాగే చేసేవాళ్ళు. నాకేమీ చేయని మందు పిట్టలనేం చేస్తుందనుకున్నాను. మొద్దు చుట్టూ చల్లి, అంతటితో ఆగకుండా, పీట ఎక్కి రెండు చిటికెలు గూట్లో కూడా వేశాను. చీమలు చచ్చాయి. అత్తగారు వచ్చాక చెప్పి మెప్పు పొందుదామనుకుని, ఆమె ఎండలోంచి అలిసిపోయి వచ్చేసరికి రేపు చెప్పొచ్చులే అని ఊరుకున్నాను.

తెల్లవారి తల్లిపిట్ట అరుపుకి లేచాం. నోట్లో మిడతతో పందిరి మీద కూర్చుని అరుస్తోంది, లోపలికి పోదు. మా అత్తగారు పీట ఎక్కి చూసి, ఒక్కొక్క పిల్లనే తీసి కింద నా కొంగులో పెట్టింది. మూడు చచ్చిపోయి ఉన్నాయి. నాలుగోది, ఆమె రోజూ తగువుపడే ఆ చిన్నది, మెడ వాల్చేసి వణుకుతోంది. ఆమె వేళ్ళకి తెల్లగా మందు అంటింది. వాసన చూసుకుంది. నా వంక చూసింది.

"గుప్పెడు బూడిద చల్లితే పోయేదానికి," అంది. నన్ను ఆ విషయంగా ఆమె తిట్టిన తిట్టు జన్మకంతా అంతే. వెంటనే గోరువెచ్చటి నీళ్ళు తెమ్మని కేకేసింది. పాత చీర చింపి, తడిపి, ఆ పిల్లని ముక్కు దగ్గర్నుంచి తోక దాకా ఎంత ఒడుపుగా తుడిచిందో, పురిట్లో పిల్లని కూడా అంత ఒడుపుగా ఎవరూ తుడవరు. గూట్లో చెత్తంతా దోసిళ్ళతో తోడి పారేసి, ఎండుగడ్డి మెత్తగా నలిపి పరిచి, పిల్లని మళ్ళీ లోపల పెట్టింది. మనిషి చెయ్యి తగిలిన పిల్లని పిట్ట మళ్ళీ ముట్టదని అందరూ అనే మాటే. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు.

అప్పుడు దొడ్డి తలుపు తీసుకుని మామగారి అక్కగారు వచ్చింది, మజ్జిగ చెంబుతో. ఆమె వెనకే పొగాకు అమ్మకానికి పోతూ పిట్టను చూసిపోదామని వచ్చిన ఇద్దరు రైతులు. మామగారు, మావారు కూడా పొలం వెళ్ళబోతూ అలికిడికి దొడ్లోకి వచ్చారు. చచ్చిన పిల్లలు మూడూ అరటాకు ముక్క మీద ఉన్నాయి. మొద్దు చుట్టూ తెల్లగా పొడి. పెద్దావిడ అదంతా చూసి, తీరిగ్గా నా కాళ్ళ వంక చూసింది.

"ఎవరు చల్లారే ఈ మందు? ఇన్నేళ్ళూ లేంది ఈ ఏడే ఎందుకు జరిగిందంట?"

నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూ వస్తున్నాను. అంతలో మా అత్తగారు తడి చేతులు చీరకి తుడుచుకుంటూ నాకు ముందుకొచ్చి నిలబడింది.

"నేనే చల్లా వదినా. చీమలు పట్టినయ్, చల్లా. ఆ పిల్ల వంక చూస్తావేంటి, దానికి మందు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు."

"పాలపిట్ట గూట్లో మందేంటే నీకు? మతిగాని పోయిందా?"

"పోయింది. ఏం చెయ్యమంటావ్?"

పొగాకు అమ్మకానికి వెళ్ళాల్సిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇవాళ వద్దులే అనుకుంటూ ఇంటిదారి పట్టారు. మా మామగారు ఆమెను ఒక్క మాట అనలేదు గానీ, ఆ పూట అన్నం తినకుండా పొలం వెళ్ళిపోయారు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆయన కోపం చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు.

ఆ రోజు పొద్దు వాలేదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. గుమ్మంలో ఇద్దరం కూర్చుని మొద్దు వంకే చూస్తూ ఉండిపోయాం. తల్లి వస్తుంది, పందిరి మీద వాలుతుంది, అరుస్తుంది, పోతుంది. తండ్రి వస్తుంది, పోతుంది. ఎండ గుమ్మం దాకా వచ్చింది. ఒకసారి లోపలనుంచి సన్నగా కీచుమన్న చప్పుడు వినపడి ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మధ్యాహ్నం బాగా వాలాక తల్లిపిట్ట ఒక మిడతను తెచ్చి, పద్ధతిగా వాసానికి నాలుగు బాదులు బాది, కుండ పెంకు కింద దూరింది. బయటికి వచ్చినప్పుడు నోరు ఖాళీ. మా అత్తగారు లేచి, ఇక వంట చూద్దాం పద అంది. ఆమె గొంతు బొంగురుపోవడం అప్పుడు విన్నాను.

సాయంత్రం నూతి దగ్గర గిన్నెలు తోముతూ ఏడ్చాను. నేను చెప్పేస్తాను అత్తయ్యా, మామయ్యగారికైనా చెబుతాను అన్నాను. ఆమె గిన్నె తొలుస్తూ తలెత్తకుండా చెప్పింది, తాను ఆ ఇంటికి వచ్చిన ఏడు గాలివాన వచ్చి చేను ఊడ్చుకుపోయిందట, జత ఎడ్లు పోయాయట. ఆ వదినగారే ఆమె కాళ్ళ వంక చూసిందట. కొడుకు పుట్టేదాకా ఆరేళ్ళు ఆ మాట వీధిలో ఆమె వెంట తిరిగిందట.

"మాట మొయ్యటం నాకలవాటేలే అమ్మాయ్. నీకు కొత్త."

అంతే. తర్వాత ఆ ప్రసక్తి ఆమె తేలేదు, నన్ను తేనివ్వలేదు.

ఆ ఒక్క పిల్లా బతికింది. నలుగురి తిండీ ఒక్కదానికే వచ్చిందేమో, జ్యేష్ఠమాసం వచ్చేసరికి కోడిపెట్టలా తయారైంది. ఒకరోజు కుండ పెంకు కిందనుంచి మొహం బయట పెట్టి, గంటల తరబడి లోకాన్ని చూసి, దూకి, ఎగరలేక సరాసరి మా గేదె వీపు మీద వాలింది. గేదె పట్టించుకోలేదు. అక్కణ్ణుంచి పాక మీదికి, పాక మీదనుంచి నిమ్మచెట్టుకి. రెక్కలు విప్పినప్పుడు నీలం ఇంకా పూర్తిగా రాలేదు, నానబెట్టిన గుడ్డలా వెలవెలబోతూ ఉంది. మా అత్తగారు చప్పట్లు కొట్టి నవ్వింది. ఆమె చప్పట్లు కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళాను. శ్రావణం రాగానే ఆమే స్వయంగా వచ్చి నన్ను తీసుకెళ్ళింది. మరుసటి ఏడు మిరప విరగకాసింది, నాకు అబ్బాయి పుట్టాడు. ఇంకేం, నా పాదం మంచిదైపోయింది. ఆ పెద్దావిడే మజ్జిగ చెంబుతో వచ్చి, మా ఇంటి లక్ష్మి అంటూ నా బుగ్గలు పుణికింది. పిట్టలు కూడా మళ్ళీ చైత్రంలో వచ్చాయి. వాటికి మా మీద కోపం లేదు. కోపం ఊరికి మా అత్తగారి మీద మిగిలింది.

అది నాకు వెంటనే తెలియలేదు. మా ఊళ్ళో ఏ ఇంట పెళ్ళి తలపెట్టినా ముందు పసుపు దంచుతారు. రోలుకి తోరం కట్టి, పసుపుకొమ్ములు పోసి, చెయ్యి మంచిదని పేరున్న ముత్తయిదువ చేత మొదటి పోటు వేయిస్తారు. తర్వాతే మిగతావాళ్ళు రోకలి పట్టుకుంటారు. కొడుకు పుట్టి కష్టాలు గట్టెక్కిన దగ్గర్నుంచీ ఊళ్ళో ఆ మొదటి పోటు మా అత్తగారిదట. ఎంత లేనివాళ్ళయినా ఆమెకి కబురు పెట్టేవాళ్ళట. పాలపిట్ట పిల్లల్ని మందేసి చంపిన చెయ్యి అని పేరు పడ్డాక ఆ కబురు ఆగిపోయింది. పెళ్ళికి పిలిచేవాళ్ళు, భోజనానికి పిలిచేవాళ్ళు, పసుపుకి పిలిచేవాళ్ళు కాదు.

ఎవరిని పిలిచేవాళ్ళో మీరు ఊహించే ఉంటారు. నన్ను. పాదం మంచిది, తొలిచూలు మగపిల్లాడు, చెయ్యీ మంచిదే అయి ఉంటుందని. మొదటిసారి కబురు వచ్చినప్పుడు నాకు ఒళ్ళు నొప్పులని పడుకున్నాను. ఆమె ఊరుకోలేదు. లేపి, తన పెట్టెలోంచి ఎర్రంచు చీర తీసి కట్టించి, కుచ్చిళ్ళు తానే సర్ది, రోకలి రెండు చేతులా ఎలా ఎత్తాలో, ఏ దిక్కుకి తిరిగి నిలబడాలో చెప్పి పంపింది. నేను వెళ్ళి దంచాను. ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది, కొమ్ము మొదటి పోటుకే విరిగిందా అని అడిగింది. విరిగిందన్నాను. మంచిది అంది.

ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళో. ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాను, రోకలి ఆమె చేతిలో పెట్టించి నలుగురిలో నిజం చెప్పేస్తాను అనుకుంటూ వెళ్ళేదాన్ని. మొదట పాదం భయం. అది పోయాక పేరు పోతుందనే భయం. తర్వాత భయం కూడా లేదు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారేమోనన్న సిగ్గు. చివరికి మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. మనింటి పెళ్ళి, మన రోలు, అడిగేవాళ్ళెవరు, ఈసారి మొదటి పోటు ఆమెదేనని గట్టిగా తీర్మానించుకున్నాను. పెళ్ళి మూడు నెలలుందనగా మా మామగారు పొలంలో కూలబడి కన్నుమూశారు. ముత్తయిదువల రోకలి ఇక ఆమె చేతికి రాదు. మా అమ్మాయి పసుపు నాడు ఆమె వంటింటి గుమ్మం దాటి ముందుకి రాలేదు. అక్కడినుంచే, తూర్పుకి తిరిగి నిలబడవే అని నాకు కేకేసి చెప్పింది.

ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ఇల్లు, పొలం అమ్మేశాం. తాటి మొద్దు అంతకు ముందే చీకిపోయి పడిపోయింది. పాలపిట్టలు ఎప్పటిదాకా వచ్చాయో, ఎప్పుడు మానేశాయో కచ్చితంగా చెప్పలేను. గట్ల మీద మిడతలు తగ్గాయి, తీగల మీద పిట్టలు తగ్గాయి. మేమందరం కలిసి చల్లిన మందే అదంతా, నేనొక్కదాన్నే రెండు చిటికెలు వేసింది కాదు. అయినా నా రెండు చిటికెలు నావే.

ఈ వేసవిలో మా అమ్మాయి కూతురి పెళ్ళి జరిగింది. కళ్యాణమండపంలో రంగు కాగితాలు చుట్టిన చిన్న రోలు, చేతిలో ఇమిడే రోకలి, నాలుగు పసుపుకొమ్ములు, చుట్టూ కెమెరాలు. భర్త పోయిన మనిషిని కదా, అలవాటు చొప్పున నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. పెళ్ళికూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చి, అమ్మమ్మా నువ్వే మొదలుపెట్టాలి అని చెయ్యి పట్టుకుని లేపింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చుట్టూ చూశాను. వియ్యపురాలు జరిగి దారి ఇచ్చింది. పురోహితుడు గారు రండమ్మా అన్నారు. ఒక్కరంటే ఒక్కరు తప్పుపట్టలేదు. ఇప్పటి పిల్లలు ఎంత మంచివాళ్ళు, ఎంత తేలిగ్గా మార్చేశారు అన్నీ. కోడలి కాళ్ళ వంక ఎవరూ చూడరు, మొగుడు పోయినదాని చేతులు ఎవరూ పట్టుకు ఆపరు. నాకు సంతోషంగానే ఉంది. రోకలి ఎత్తాను, తూర్పుకి తిరిగాను, దంచాను, అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా అత్తగారికి ఎందుకు ఇవ్వలేదర్రా ఇది అని అందరి మీదా కేకలేయాలనిపించింది. కానీ ఆమె మొగుడు బతికుండగా, పసుపు కుంకుమలతో ఉండగా, ముప్పై ఏళ్ళపాటు ఆ రోకలి ఆమెకి దక్కనివ్వంది ఊరు కాదు. నేనే.